మా తమ్ముడి డే సెంటర్: మే నెల సెలవులు తప్ప

ముందే చెప్తున్నాను, మేధో వైకల్యం లాంటివి ఉన్న పెద్దవాళ్లు పగటిపూట గడిపే ఈ సెంటర్ పేరు రాయడం లేదు. రాయొద్దని వాళ్లే అడిగారు. ముప్పై అయిదు మందికి మించి తీసుకోరు, ఇప్పుడు ఒక్క ఖాళీ కూడా లేదు. ఎవరైనా నాలుగు మంచి మాటలు రాస్తే మర్నాటి నుంచి ఫోన్లు మొదలవుతాయట. ఫోన్ చేసిన ప్రతి తల్లికీ లేదని చెప్పలేక అక్కడి మేడం గొంతు పోతోందట. హైదరాబాద్‌లో ఈసీఐఎల్ చౌరస్తా అవతల ఒక కాలనీలో, రెండంతస్తుల అద్దె ఇంట్లో నడుస్తోందని మాత్రం చెప్తాను. ఇది చదివి మీ దగ్గర ఉన్నదాన్ని దీంతో పోల్చి చూసుకుంటే చాలు.

మా తమ్ముడికి ముప్పై ఎనిమిదేళ్లు. డౌన్ సిండ్రోమ్, పుట్టుకతోనే వచ్చే మేధో వైకల్యం. అమ్మ ఉన్నన్నాళ్లూ జగిత్యాల దగ్గర మా ఊళ్లోనే ఉన్నాడు. అమ్మ పోయాక నా దగ్గరికి తెచ్చుకున్నాను. నేను పోస్టాఫీసులో కౌంటర్ మీద కూర్చుంటాను, మా ఆయనది ప్రైవేటు ఉద్యోగం, పిల్లలిద్దరూ కాలేజీలకు పోతారు. పొద్దున తొమ్మిదికల్లా ఇల్లు ఖాళీ. ఊళ్లో అయితే వాడు అరుగు మీద కూర్చుంటే వచ్చేపోయేవాళ్లు "ఏం బాపూ, తిన్నవా" అని పలకరించేవాళ్లు. కిరాణా కొట్టాయన, పాలాయన, గుళ్లో పంతులు, అందరూ తెలిసినవాళ్లే. ఇక్కడ మూడో అంతస్తు ఫ్లాట్‌లో వాడికి పరిచయమైంది లిఫ్ట్ ఒక్కటే. రోజంతా టీవీ చూసి చూసి సీరియళ్లలో అత్తాకోడళ్ల పేర్లతో మమ్మల్ని పిలవడం మొదలుపెట్టాడు.

పద్దెనిమిది ఏళ్లలోపు వాళ్లకైతే స్పెషల్ స్కూళ్లున్నాయి, థెరపీ సెంటర్లు వీధికొకటి కనిపిస్తున్నాయి. ఆ వయసు దాటినవాళ్లకు ఏముందని వెతికితే తెలుస్తుంది కష్టం. బోయిన్‌పల్లిలో మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉంది. 1984లో పెట్టారు, మొదట ఎన్‌ఐఎంహెచ్ అనేవాళ్లు, ఇప్పుడు ఎన్‌ఐఈపీఐడీ. అక్కడ అసెస్‌మెంట్ చేయించుకున్నాం. వాడు సొంతంగా ఏం చేసుకోగలడో, ఎక్కడ ఒక మనిషి పక్కన ఉండాలో రాసి ఇచ్చారు. ఆ కాగితం పట్టుకుని ఊరంతా తిరిగాం.

ఒక చోట ఆరు నెలల్లో మామూలు మనిషిని చేసి పంపిస్తామన్నారు. ఇది జబ్బు కాదండీ, ఇరవై ఒకటో నంబరు క్రోమోజోము ఒకటి ఎక్కువ ఉంది, ఆరు నెలల్లో అదెక్కడికి పోతుందని అడిగితే, ఒకేసారి కడితే డిస్కౌంట్ ఉందన్నారు. ఇంకో చోట ఊరి బయట హోమ్, రాత్రులు కూడా ఉంచుకుంటారు. ఆడామగా అందరికీ ఒకటే రంగు బట్టలు, గోడ వెంబడి బెంచీల మీద వరసగా కూర్చున్నారు, ఎదురుగా భక్తి చానల్ నడుస్తోంది. ఎవరూ ఎవరితోనూ మాట్లాడుకోవడం లేదు. లోపలి గదులు చూస్తామంటే ఆదివారం రమ్మన్నారు. గేటుకు బయటి నుంచి తాళం. ఆటో ఎక్కేదాకా మా తమ్ముడు నా చున్నీ వదల్లేదు.

ఇక్కడికి మొదటిసారి వచ్చినప్పుడు తలుపు తీసింది ఒక ముప్పై ఏళ్ల అమ్మాయి, అక్కడి మెంబరే, అంటే మా తమ్ముడిలా పగలు అక్కడ గడిపే మనిషే. నా పేరడిగి రిజిస్టర్‌లో రాసుకుంది. ఒత్తు దగ్గర ఆగింది, రబ్బరుతో చెరిపింది, మళ్లీ రాసింది. వెనక నిలబడ్డ మేడం పుస్తకం అందుకోలేదు, "నేను రాస్తాలేమ్మా" అనలేదు. ఎండలో నిలబడి చెమటలు కారుతుంటే నాకు కొంచెం చిరాకే వేసింది. కానీ వీడిని ఇక్కడే చేర్చాలని అనుకున్నది ఆ గుమ్మంలోనే.

పొద్దున పావుతక్కువ పదికి వ్యాన్ దిగగానే అందరూ పెద్ద గదిలో గుండ్రంగా కూర్చుంటారు. వార్తలు చెప్పుకుంటారు. ఎవరింట్లో ఏం జరిగిందో ఎవరికి వాళ్లు చెప్పాలి. మా వాడి వార్త రోజూ ఒకటే, రాత్రి ఏం కూర. అందువల్ల మా ఇంట్లో వరసపెట్టి టమాటా పప్పు చేసిన సంగతి ముప్పై అయిదు కుటుంబాలకూ తెలిసిపోయింది. ఒకావిడ వీల్‌చెయిర్‌లో వస్తారు, సెరెబ్రల్ పాల్సీ, అంటే మెదడు దెబ్బతిని ఒళ్లు అదుపులో ఉండదు, మాట రాదు. ఒళ్లో బొమ్మల బోర్డు ఉంటుంది: అమ్మ, అన్నం, వాన, కుక్క, ఆస్పత్రి, కోపం, ఇలా గళ్లు గళ్లుగా. ఆవిడ వేలు వణుక్కుంటూ ఒక గడి దగ్గరికి చేరేదాకా అందరూ ఆగాలి. మధ్యలో ఎవరైనా తొందరపడి "కుక్క కరిచిందా?" అని అందిస్తే ఆ వేలు నేరుగా కోపం గడి మీదికి పోతుంది. మా వాడికి ఓపిక తక్కువ, ఈ కోపం గడి వాడికి చాలాసార్లు పడింది.

వార్తలయ్యాక పని. మెడికల్ షాపులకు, బేకరీలకు పేపర్ కవర్లు చేస్తారు. ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్ సామాను మీద 2022 జులైలో నిషేధం వచ్చాక ఆర్డర్లు పెరిగాయని చెప్పారు. వినాయక చవితి ముందు మట్టి విగ్రహాలు, దీపావళికి ప్రమిదలు, మిగతా రోజుల్లో ఫినాయిల్ సీసాలకు లేబుళ్లు. పని పంచే తీరు చూసి తీరాల్సిందే. ఒకరు గీత మీద మడుస్తారు, ఒకరు జిగురు రాస్తారు, ఒకరు అతికిస్తారు. లెక్కపెట్టే పని లెక్క రానివాళ్లది. చెక్క పలక మీద పది గళ్లుంటాయి, గడికొక కవరు పెట్టాలి, అన్నీ నిండితే ఒక కట్ట. మా తమ్ముడికి అయిదు దాటితే ఏడైనా తొమ్మిదైనా ఒకటే, అయినా వాడు కట్టిన కట్టలో ఒక్క కవరు తేడా రాదు. బేకరీ ఆయన మొదట్లో కట్టలు విప్పి చూసుకునేవాడట, ఇప్పుడు మానేశాడు.

ప్రతి నెలా అయిదో తారీకున ఎవరి డబ్బు వాళ్ల చేతికే ఇస్తారు, కవర్లో పెట్టి, పుస్తకంలో సంతకమో వేలిముద్రో తీసుకుని. మా వాడికి నాలుగు వందల నుంచి ఆరు వందల దాకా వస్తుంది. జీతం అనరు, ప్రోత్సాహకం అంటారు. కవర్లు అమ్మితే వచ్చింది ఎంత, పేపరుకూ జిగురుకూ పోయింది ఎంత, మిగిలింది ఎంత అని నోటీసు బోర్డు మీద పెడతారు కాబట్టి దాపరికం లేదు. అయినా రోజుకు మూడు గంటలు ఒళ్లొంచి పనిచేసే మనిషికి నెలకు అయిదొందలు ఏమిటని నాకు మనసులో గుచ్చుకుంటూనే ఉంటుంది. మేడంతో అన్నాను. "మాకూ గుచ్చుకుంటుందండీ" అన్నారు. ఆ మాటతో లెక్క మారదు కదా.

ఆ డబ్బు తీసుకుని అదే మధ్యాహ్నం వీధి చివర కిరాణా కొట్టుకు పోతారు. నలుగురైదుగురి జట్టుకు ఒక టీచర్ ఉంటారు, కానీ కొట్టు గడప బయటే నిలబడతారు. నన్నడిగితే ఈ సెంటర్ చేసే పనులన్నిట్లో ఇదే గొప్పది. నోట్లు రంగుల్ని బట్టి నేర్పుతారు. పది చాక్లెట్ రంగు, యాభై నీలం, వంద ఊదా, రెండొందలు పసుపు. పాత టీచర్ ఒకావిడ చెప్పారు, వెనకటి వంద నోటు నీలంగా ఉండేది కాబట్టి నీలమంటే వంద అని ఏళ్ల తరబడి నేర్పారట. కొత్త నోట్లు వచ్చాక యాభై నీలమైంది. మెంబర్లు యాభై ఇచ్చి వందకు సరిపడా సామాను అడిగి, కొట్లో అరిచి గోల చేశారట. మళ్లీ మొదటి నుంచి నేర్పుకొచ్చారు.

ఇప్పుడు కొత్త చిక్కు స్కానర్. అందరూ ఫోన్ చూపించి పోతుంటే గల్లాలో చిల్లర ఉండడం లేదు. చిల్లర బదులు చాక్లెట్ ఇస్తే మా వాడు తీసుకోడు, "పైసలియ్యి" అని అక్కడే నిలబడతాడు. వెనక లైను పెరిగిపోతుంది. కొట్టాయన ఇప్పుడు అయిదో తారీకు కోసం పదులూ ఇరవైలూ విడిగా తెచ్చి పెట్టుకుంటున్నాడు. ఆయనకెవరూ అవగాహన సదస్సు పెట్టలేదు, నిలబడి నిలబడి మా వాళ్లే నేర్పారు. మొన్న రోడ్డు మీద నన్ను చూసి "మీ తమ్ముడు ఈ నెల రాలేదేం, జ్వరమా?" అని అడిగాడు. హైదరాబాద్‌లో వాడి గురించి మమ్మల్ని అడిగిన మొదటి బయటి మనిషి ఆయన.

ఇక ఎన్నికలు. ఏడాదికి రెండుసార్లు లీడర్‌ను ఎన్నుకుంటారు. పోటీ చేసేవాళ్ల ఫొటోలు అతికించిన డబ్బాలు తెర వెనక పెడతారు, తలా ఒక గోళీ ఇస్తారు, నచ్చినవాళ్ల డబ్బాలో వేసి రావాలి. గోళీ పడ్డ చప్పుడును బట్టి ఏ డబ్బాలో పడిందో తెలిసిపోతోందని ఒకాయన అభ్యంతరం చెప్పాడు. నిజమే, ఒకటి రేకు డబ్బా, ఒకటి ప్లాస్టిక్ డబ్బా. అప్పటి నుంచి గోళీల బదులు దూది ఉండలు వేస్తున్నారు. మా వాడు "శుక్రవారం కోడికూర" అన్న ఒక్క హామీతో నిలబడి ఓడిపోయాడు. గెలిచినావిడ హామీ గుడ్డు. వంటక్క ఒక్కతే, కోడికూర ఆమె వల్ల కాదని అందరికీ తెలుసు, మా వాడు మాత్రం వారం రోజులు ఓటర్లతో మాట్లాడలేదు.

గుడ్డు దగ్గరా గొడవైంది. కొందరు తల్లిదండ్రులు మా పిల్లల పక్కన గుడ్డు వద్దన్నారు. తల్లిదండ్రుల కమిటీ ఎన్ని మీటింగులు పెట్టినా తెగలేదు. చివరికి శుక్రవారాలు రెండు బల్లలు వేశారు, తినేవాళ్లకొకటి, తిననివాళ్లకొకటి. కొన్నాళ్లు చూసి మెంబర్లే బల్లలు జరిపి కలిపేసుకున్నారు. ఎందుకూ అంటే, నా పక్కన వాడు లేడు, నా పక్కన ఆమె లేదు అని తలా ఒక కారణం. ఇప్పుడు గుడ్డు తినని ఒకాయన ముక్కు మూసుకుని మరీ తన స్నేహితుడి పక్కనే కూర్చుంటాడు. కమిటీ దీని మీద మళ్లీ మాట్లాడలేదు.

మా వాడి స్నేహితుడు ఆరడుగుల మనిషి, ఆటిజం, మాట తక్కువ. అన్నం మధ్యాహ్నం పన్నెండున్నరకే తినాలి, పప్పు అన్నంలో కలవకూడదు, పళ్లెంలో పక్కన ఉండాలి. తిన్నాక ఇద్దరూ ప్రహరీ వెంబడి చుట్లు కొడతారు. మా వాడు మాట్లాడుతూనే ఉంటాడు, ఆయన వింటున్నాడో లేదో ఎవరికీ తెలియదు, కానీ మా వాడు రాని రోజు ఆయన నడవడట. క్యారమ్స్ దగ్గర మాత్రం ఇద్దరికీ పడదు. ఆయనకు ఎర్ర కాయిన్ బోర్డు మధ్యలోనే ఉండాలి, కదిలిస్తే ఒప్పుకోడు. మా వాడి కన్నంతా దాని మీదే. ఒకరోజు మా వాడు స్ట్రైకర్ విసిరికొట్టాడు, ఆయన బోర్డు ఎత్తి బోర్లించాడు. నాకు ఫోన్ వస్తుందని, "మీవాడిని ఇంటికి తీసుకుపోండి" అంటారని భయపడ్డాను. ఫోన్ వచ్చింది. జరిగింది చెప్పి, టీ తాగుతూ ఇద్దరూ ఒకే బెంచీ మీద రెండు చివర్లలో కూర్చున్నారు, ఎవరూ వాళ్లను కదిలించడం లేదు, రాత్రికి వాడు ఏమైనా అంటే వినండి చాలు అన్నారు. రాత్రంతా వాడు ఆ మనిషిని తిట్టాడు. మర్నాడు వ్యాన్ రాకముందే కింద గేటు దగ్గర రెడీగా ఉన్నాడు.

ఊళ్లో అందరూ వాడిని ముద్దు చేశారు, పండగకు పిండివంటలు చేతిలో పెట్టారు, ఎవరూ వాడితో పోట్లాడలేదు. వాడి మీద కోపం తెచ్చుకునే మనిషి, వాడు రాకపోతే నడవడం మానేసే మనిషి, ఈ ముప్పై ఎనిమిదేళ్లలో ఇక్కడే దొరికాడు. నేను ఫీజు కట్టేది దీనికే. కవర్లూ ప్రమిదలూ దీని చుట్టూ ఉన్నవే.

ఇంకో సంగతి కూడా చెప్పాలి, తల్లిదండ్రులు గుసగుసగా తప్ప మాట్లాడుకోరు కాబట్టి. అక్కడ ఒక అబ్బాయి, ఒక అమ్మాయి, ఇద్దరూ ముప్పై దాటినవాళ్లే, వ్యాన్‌లో రోజూ పక్కపక్కన కూర్చునేవాళ్లు. చేతులు పట్టుకునేవాళ్లు. సెంటర్ వాళ్లు విడదీయలేదు. మెంబర్లందరికీ ఆడవాళ్లకు వేరుగా, మగవాళ్లకు వేరుగా బొమ్మలతో క్లాసులు పెట్టారు: ఒంట్లో ఏ భాగం ఎవరు ముట్టుకోకూడదు, అడగకుండా చేయి వేయకూడదు, వద్దంటే ఆగిపోవాలి, ఎవరైనా బలవంతం చేస్తే ఎవరితో చెప్పాలి. మా వాడు ఆ క్లాసయ్యాక నా భుజం మీద చేయి వేసే ముందు కూడా అడగడం మొదలుపెట్టాడు, కొన్నాళ్లు నవ్వాపుకోలేకపోయాం. ఇది దాచిపెట్టుకోవాల్సిన విషయమని అనుకునే చోట్లలోనే అసలు ప్రమాదాలు జరుగుతాయి, అందుకని ఈ విషయంలో వాళ్లకు నా పూర్తి మార్కులు. కానీ ఆ అమ్మాయి ఇంట్లోవాళ్లు ఆమెను మాన్పించారు. ఆడపిల్ల ఉన్న ఇంటి భయం వేరు, నేను వాళ్లను తప్పు పట్టలేను. ఆ అబ్బాయి మాత్రం పక్క సీటులో తన బ్యాగు పెట్టి చాలా కాలం ఎవరినీ కూర్చోనివ్వలేదు.

బయటివాళ్ల రాకపోకల మీద ఒక నియమం ఉంది, అదీ నాకు బాగా నచ్చింది. ఇలాంటి చోట్లకు పుట్టినరోజు కేకు పట్టుకుని రావడం మనవాళ్లకు అలవాటు. అందరినీ నిలబెట్టి చప్పట్లు కొట్టిస్తారు, ఫొటోలు దిగుతారు, వెళ్లిపోతారు. ఇక్కడైతే కేకు తేవచ్చు గానీ ముందు ఒక గంట కూర్చుని కవర్లు అతికించాలి, ఫొటోలు తీయకూడదు. ఈ మాట చెప్పగానే సగం మంది మళ్లీ ఫోన్ చేయరట. మిగిలినవాళ్లలో కొందరు కేకు లేకుండానే వస్తున్నారు. బ్యాంకులో రిటైరైన ఒకాయన మంగళవారం మంగళవారం వస్తారు. ఆయన అతికించిన కవర్లు వంకరని మా వాడు ఏరి పక్కన పడేస్తాడు. ఆయన మళ్లీ చేస్తారు.

పండగల గురించి ఎక్కువ రాయను, ఎక్కడైనా బాగానే చేస్తారు. బతుకమ్మకు తంగేడు, గునుగు పూలు మెంబర్లే పేర్చారు, ఆడవాళ్లతోపాటు మగవాళ్లూ ఆడారు. చప్పుడు పడనివాళ్ల కోసం మిద్దె మీద ఒక గది విడిగా ఉంచి, చెవులకు మఫ్‌లు ఇచ్చి, స్పీకర్ సౌండ్ తగ్గించారు. కాలనీవాళ్లు డీజే తెస్తామంటే వద్దన్నారు. జనవరిలో నుమాయిష్‌కు రద్దీ లేని రోజు చూసి తీసుకుపోయారు, టాయ్ ట్రైన్ ఎక్కారు, మా వాడు సొంత డబ్బుతో నాకు ప్లాస్టిక్ గాజులు కొన్నాడు. ఒకసారి అందరినీ రైల్లో వరంగల్ తీసుకుపోయారు. మేధో వైకల్యం ఉన్నవాళ్లకూ, వెంట వెళ్లే ఒకరికీ స్లీపర్‌లో, థర్డ్ ఏసీలో 75 శాతం రాయితీ ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది. తెలియనివాళ్లు ఇంకా ఎంతమంది ఉన్నారో.

ఇప్పుడు తిట్లు.

మొదటిది మే నెల. నెలంతా సెలవులు! బడి పిల్లలకైతే సరే, నలభై ఏళ్ల మనిషికి వేసవి సెలవులేమిటి? నాకు మేలో సెలవు లేదు, వాడికి అమ్మమ్మ ఊరు లేదు. స్పెషల్ స్కూల్ నడిపిన అలవాటుతో మొదలైన సంస్థ కాబట్టి క్యాలెండర్ కూడా అక్కడి నుంచే తెచ్చుకున్నారు. ప్రతి ఏడాదీ మీటింగ్‌లో అడుగుతున్నాను, స్టాఫ్‌కు కూడా విశ్రాంతి కావాలి కదా అంటారు. కావాలి, కాదనను. వంతులవారీగా తీసుకోవచ్చు కదా, మా పోస్టాఫీసు మే నెలంతా మూసేస్తే ఊరుకుంటారా? ఆ నెలలో మా వాడు మళ్లీ సీరియళ్లలోకి పోతాడు. జూన్ మొదటి వారం అక్కడి వార్తల గదిలో ఎంత గందరగోళం ఉంటుందో ఊహించుకోండి, రోజుల వరస తప్పిన మనుషులు ముప్పై అయిదు మంది.

రెండోది టీచర్లు వెళ్లిపోవడం. స్పెషల్ ఎడ్యుకేషన్ డిప్లొమా చదివిన కుర్రవాళ్లు వస్తారు, చక్కగా పని నేర్చుకుంటారు, జీతం చాలక ఏడాదిలో వేరే స్కూల్‌కో వేరే ఊరికో పోతారు. అది సెంటర్ చేతిలో లేదు. కానీ పోయేముందు మెంబర్లకు చెప్పకపోవడం వాళ్ల చేతిలో ఉన్నదే. మా వాడికి ఇష్టమైన ఒక సార్ ఒక సోమవారం రాలేదు, ఇక రాలేదు. "ఊరికి పోయిండు" అని చెప్పారట. అమ్మ పోయినప్పుడు ఊళ్లో ఎవరో వాడితో అన్నదీ అదే మాట. వాడు ఆ సార్ కూడా చచ్చిపోయాడనుకుని మూడు రాత్రులు నిద్రపోలేదు. చివరికి నేను ఆ సార్ నంబరు సంపాదించి వీడియో కాల్ చేయించాల్సి వచ్చింది. దీని గురించి గట్టిగానే రాసిచ్చాను. ఇప్పుడు వెళ్లేవాళ్లు చివరి రోజున వార్తల్లో తామే చెప్పాలని పెట్టారు. మంచిదే, ఎంతకాలం నడుస్తుందో చూడాలి.

మూడోది మెట్లు. కంప్యూటర్ గది, సంగీతం గది పైన ఉన్నాయి. వీల్‌చెయిర్‌లో వచ్చే ఆవిడను ఇద్దరు మోసుకుని పైకి తీసుకుపోతారు. ఆవిడ వేలు ఏ గడి మీద ఉంటుందో నేను చెప్పనక్కర్లేదు. అద్దె ఇల్లు, లిఫ్ట్ పెట్టలేం అంటారు. గదులు కిందికి మార్చడానికి లిఫ్ట్ అక్కర్లేదు. వెస్టర్న్ టాయిలెట్ ఒక్కటే ఉంది, అది కూడా మెట్ల వెనక.

వ్యాన్ వానాకాలంలో ఆలస్యం, అది మన రోడ్ల పాపం. నాలుగింటికి వదిలేస్తారు, ఉద్యోగాలు చేసేవాళ్లకు ఇబ్బందే. నేను కింద ఫ్లాట్ అత్తమ్మకు నెలకింత ఇచ్చి ఆరింటిదాకా చూసుకోమంటున్నాను.

ఖర్చు సంగతి. నెలకు 7,000, వ్యాన్‌కు 2,500, భోజనం ఫీజులోనే. వికలాంగులకు ప్రభుత్వం ఇచ్చే ఆసరా పింఛను 2023లో 4,016కు పెరిగింది, ఫీజులో సగానికి పైగా దాంతో గడుస్తోంది. నేషనల్ ట్రస్ట్ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ వాళ్ల నిరామయ ఆరోగ్య బీమా లక్ష రూపాయల దాకా ఉంటుంది, చేరేముందు వైద్య పరీక్షలు అడగరు. ఆ ఫారం సెంటర్‌లోనే కూర్చోబెట్టి నింపించారు. డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్లకు థైరాయిడ్ ఎక్కువ కాబట్టి ఏడాదికోసారి రక్తపరీక్ష గుర్తుచేస్తారు. ఉద్యోగస్తులు పాత పన్ను విధానంలో ఉంటే ఆదాయపు పన్నులో 80డీడీ సెక్షన్ కింద 75,000, వైకల్యం 80 శాతం గానీ అంతకు మించి గానీ ఉంటే 1,25,000 మినహాయింపు ఉంది. మా ఆఫీసులో చాలా మందికి ఇది తెలియదు.

రెండో శనివారం తల్లిదండ్రుల మీటింగ్ ఉంటుంది. అక్కడే గార్డియన్‌షిప్ గురించి విన్నాను. పద్దెనిమిది దాటాక తల్లైనా, అక్కైనా కాగితాల మీద గార్డియన్ కావాలంటే 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం ప్రకారం కలెక్టర్ ఆధ్వర్యంలో ఉండే లోకల్ లెవెల్ కమిటీకి దరఖాస్తు పెట్టుకోవాలి. ఊళ్లో అమ్మ పేరు మీద ఉన్న ఇంట్లో వాడి వాటా తేలాలన్నా ఇదే దారి. సెంటర్‌లో ఇందుకు ఒక సోషల్ వర్కర్ ఉన్నారు, కలెక్టరేట్‌కు నాతోపాటు వచ్చారు, అదనంగా పైసా తీసుకోలేదు.

ఆ మీటింగుల్లో చివరికి మాట ఎప్పుడూ ఒక్క చోటికే చేరుతుంది, మేం పోయాక ఎలా అని. సెంటర్‌కు హాస్టల్ లేదు. శివార్లలో స్థలం చూశామని, పదిమంది ఉండేలా ఒక ఇల్లు కడతామని, ఇలాంటి పెద్దవాళ్లు కలిసి ఉండే ఇళ్ల కోసం నేషనల్ ట్రస్ట్ పెట్టిన ఘరౌందా పథకం కింద ప్రయత్నిస్తామని ఒక ప్లాన్ కాగితం గోడకు అంటించారు. నేను చేరినప్పుడు కూడా ఆ కాగితం అక్కడే ఉంది. ఆ ఇంటిని నమ్ముకుని ఎవరూ ఇక్కడ చేర్చకండి. డెబ్బై దాటిన తల్లిదండ్రులున్నవాళ్లయితే ఈ సెంటర్ మీ సమస్యలో సగం కూడా తీర్చదు, రాత్రి ఎక్కడ అన్నది మీరు విడిగా చూసుకోవాల్సిందే.

ఎవరికి సరిపోతుంది? ఇంట్లో రాత్రి చూసుకునే మనిషి ఉండి, పగలు నలుగురి మధ్య ఉండాల్సిన పెద్దవాళ్లకు. మాటిమాటికీ ఫిట్స్ వచ్చేవాళ్లకు, నర్సు అవసరమైనవాళ్లకు ఇక్కడ ఏర్పాటు లేదు, ఆ సంగతి వాళ్లు ముందే చెప్తారు. స్పీచ్ థెరపీ, ఫిజియోథెరపీ వారానికోసారి నామమాత్రంగా ఉంటాయి, వాటి కోసమైతే వేరే చోటికి వెళ్లండి. అయిదుకు నాలుగు ఇస్తున్నాను. మే నెల తెరిచి ఉంచిన ఏడాది ఆ అయిదోది కూడా ఇస్తాను, మేడంకు కూడా ఇదే చెప్పాను.

మీ ఊళ్లో ఇలాంటిది చూడ్డానికి వెళ్తే ఆగస్టు పదిహేనుకో, వికలాంగుల దినోత్సవమైన డిసెంబరు మూడుకో వెళ్లకండి, ఆ రోజుల్లో అన్ని చోట్లా ముగ్గులే ఉంటాయి. మామూలు బుధవారం మధ్యాహ్నం భోజనాల వేళకు వెళ్లండి. మాతోపాటు తినండి అంటారా, ఆఫీసు గదిలో కూర్చోబెట్టి టీ ఇస్తారా చూడండి. మెంబర్లు వాళ్లలో వాళ్లు మాట్లాడుకుంటున్నారా, టీచర్లతో మాత్రమే మాట్లాడుతున్నారా చూడండి. ఎవరైనా పోట్లాడుకుంటూ కనిపిస్తే వెంటనే వచ్చేయకండి, కాసేపు నిలబడి ఆ తర్వాత ఏం చేస్తారో చూడండి. ఇక్కడ చేరాలనుకుంటే వెయిటింగ్ లిస్ట్‌లో పేరు రాసుకుంటారు, ఖాళీ వస్తే రెండు వారాలు ట్రయల్. ఆ రెండు వారాలకూ ఫీజు కట్టాలి, తిరిగివ్వరు. ట్రయల్ అయ్యాక మిమ్మల్ని అడగరు, మీ వాళ్లనే అడుగుతారు రేపు వస్తావా అని.